గాయం వయసు

కడప నుంచి కర్నూలు పోయే రోడ్డు పక్కన ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. పేరెందుకు లెండి. అందులో ఇరవై ఎనిమిదేళ్లుగా కట్లు కడుతున్న గాబ్రియేలు సంగతి చెప్పాలి. కాగితాల్లో ఆయన ఉద్యోగం పేరు డ్రెస్సర్. చుట్టుపక్కల ఊళ్లలో మాత్రం 'కట్ల గాబ్రియేలు' అనేవారు. కొందరు అమాయకులు 'డాక్టరు గాబ్రియేలు' అని కూడా అనేవారు. వాళ్ల పొరపాటును ఆయన ఎప్పుడూ దిద్దలేదు.

తండ్రి ఊరివాళ్ల చేలల్లో శనక్కాయ పీకిన కూలీ. గాబ్రియేలు పంతొమ్మిదో ఏట ఆసుపత్రి ఊడవడానికి వచ్చాడు. ఆరేళ్ల తరువాత అక్కడి పెద్ద నర్సమ్మ అతని చేతి ఒడుపు చూసి చీపురు పక్కన పెట్టించి, పట్టకారు చేతికిచ్చింది. కుట్లు వేయడం, చీము తీయడం, విరిగిన చేతికి బద్దలు కట్టడం ఆమే నేర్పింది. అన్నిటికన్నా ముఖ్యంగా తల చూడటం నేర్పింది. తలకు దెబ్బ తగిలినవాడు నవ్వుతూ మాట్లాడినా నమ్మకూడదనీ, గంటకోసారి లేపి మాట్లాడించాలనీ, టార్చి వేసి కంటిపాపలు చూడాలనీ చెప్పింది.

గాబ్రియేలు దానికి తన సొంత తెలివి కొంత కలిపాడు. తల పగిలి వచ్చిన ప్రతివాడినీ మూడు ప్రశ్నలు అడిగేవాడు. "నీ పేరేమప్పా? ఏ ఊరు? పొద్దున ఏం తిన్యావు?" మొదటి రెండూ ఊరికే. అసలు ప్రశ్న మూడోది. మెదడులో ఏదైనా తేడా ఉంటే మనిషి పేరూ ఊరూ గడగడా చెప్పేస్తాడు గానీ పొద్దున తిన్నదాని దగ్గర తడబడతాడని ఆయన నమ్మకం. చాలాసార్లు అది నిజమైంది కూడా. స్కాను కడపలో ఉంది, తల కోసి బాగుచేసే డాక్టర్లు కర్నూల్లో ఉన్నారు. ఎవర్ని పంపాలి, ఎవర్ని ఇక్కడే ఉంచాలి అన్న చిక్కు వచ్చినప్పుడల్లా డాక్టర్ రాఘవేంద్రప్రసాద్ ఒక మాట అడిగేవాడు. "గాబ్రియేలు ఏమన్నాడు?"

ఆ రెండు ముక్కల కోసమే గాబ్రియేలు బతికేవాడంటే అబద్ధం కాదు. ఓపీ గదిలోంచి ఆ మాట వినబడితే వరండాలో ఆయన నడక మారిపోయేది. ఇంటికి పోయి భార్య కృపమణికి చెప్పేవాడు. ఆమె చేట పట్టుకుని బియ్యంలో రాళ్లేరుతూ, "నిన్న గూడా చెప్తివి గదా," అనేది.

రెండువేల ఎనిమిదిలో ఆసుపత్రికి రక్తం పరీక్షించే మిషను ఒకటి వచ్చింది. బెంగళూరు నుంచి వచ్చిన పరిశోధన పెద్దలు దాన్ని ల్యాబులో పెట్టించి, దానికో ఏసీ వేయించి, చూసుకోవడానికి శ్రీవిద్య అనే అమ్మాయిని వేశారు. ఇరవైమూడేళ్ల పిల్ల. మైదుకూరులో వాళ్ల నాయనకు కిరాణా అంగడి. మొదటిరోజే గాబ్రియేలు దగ్గరికి వచ్చి, "అన్నా, నీ గురించి శానా చెప్పినారు అందరూ," అంది. గాబ్రియేలుకు వెంటనే అనుమానం వచ్చింది. తనకన్నా ముప్పై ఏళ్లు చిన్నది, వచ్చీరాగానే అన్నా అంటోందంటే ఏదో లాక్కోవడానికే అనుకున్నాడు.

ఆయన అనుమానం పూర్తిగా తప్పేమీ కాదు. తలకు దెబ్బ తగిలితే మెదడులోంచి ఒక పదార్థం రక్తంలోకి కారుతుందట. ఈ మిషను దాన్ని కొలుస్తుంది. అది వాళ్లు పెట్టుకున్న గీత కన్నా తక్కువ ఉంటే లోపల రక్తం గడ్డకట్టలేదని ధైర్యంగా ఇంటికి పంపొచ్చు. ఎక్కువుంటే కడపకు స్కానుకు పంపాలి. "ఒకటే షరతు అన్నా," అని శ్రీవిద్య వివరించింది. "ఆ పదార్థం రక్తంలో ఎంతోసేపు ఉండదు. దెబ్బ తగిలిన మూడు గంటల్లోపలే రక్తం తీయాల. లేటయితే, లోపల ఏమన్నా ఉన్నా తక్కువే సూపిస్తాది." అందుకని ఆమె దగ్గర ఒక ఫారం ఉండేది. అందులో పైనే, దెబ్బ తగిలిన వేళ రాసే గడి.

నెల తిరక్కుండా లోకం తలకిందులైంది. తల పగిలినవాళ్లను రోజంతా పడుకోబెట్టి చూసే ఆరు మంచాల గది గాబ్రియేలు రాజ్యం. అది బోసిపోయింది. మధ్యాహ్నానికే జనం చేతిలో కాగితంతో ఇళ్లకు పోతున్నారు. ఓపీ గదిలోంచి ఇప్పుడు వేరే మాట వినబడుతోంది. "శ్రీవిద్యా, రిపోర్టు ఏమొచ్చింది?" ఆ మాట విన్నప్పుడల్లా గాబ్రియేలుకు ఒళ్లు మండిపోయేది. ల్యాబులోకి చెప్పులతో రాకూడదని తలుపు మీద కాగితం అంటించారు. అది తన కోసమే అంటించారని ఆయన తేల్చుకున్నాడు. ఆయాలు ఆ పిల్లకు పింగాణీ కప్పులో టీ ఇస్తున్నారనీ, తనకు మాత్రం అదే పాత గాజు గ్లాసనీ కూడా లెక్కలోకి తీసుకున్నాడు. యాభై దాటిన మనిషి కప్పు కోసం కుళ్లుకోవడం ఏమిటని మీరు అడగొచ్చు. కుళ్లుకున్నాడు మరి, ఏం చేద్దాం.

దీనికితోడు మహాదేవమ్మ సంగతి ఒకటి జరిగింది. గడ్డివామి మీదనుంచి జారిపడిన ముసలామె. గాబ్రియేలు మూడు ప్రశ్నలూ అడిగాడు. పొద్దున రాగి అంబలి తాగాననీ, అందులో ఉప్పు ఎక్కువైందనీ, కోడలికి ఎన్నిసార్లు చెప్పినా బుద్ధి రాదనీ ఆమె ఏకధాటిగా చెప్పింది. "ఏం కాలేదు సార్, పంపించేయండి," అన్నాడు గాబ్రియేలు. రక్తపరీక్షలో గీత దాటింది. స్కానులో లోపల చిన్న గడ్డ కనబడింది. ముసలామె వారం రోజులు కర్నూల్లో ఉండి క్షేమంగా తిరిగి వచ్చింది గానీ, గాబ్రియేలుకు మాత్రం నలుగురిలో తల కొట్టేసినట్టయింది. ఎవరూ ఒక్కమాట అనలేదు. అననందుకే ఇంకా మండింది.

అప్పటినుంచి ఆయన మిషను తప్పుల కోసం కాచుకుని కూర్చున్నాడు. తలకు దెబ్బతోపాటు తొడ ఎముక విరిగినవాడికి అంకె ఎక్కువ వచ్చి, స్కానులో ఏమీ లేదని తేలితే ఆరోజు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. "ఎముక ఇరిగినా పెరుగుతాదంట, సూడు. తలకూ తొడకూ తేడా తెలీని మిషను," అని కృపమణికి చెప్పాడు. ఆమె కంచంలో చారు పోస్తూ, "ఆ పిల్ల నీకేం అపకారం చేసింది? నీది ఉత్త కడుపుమంట. నాకు తెలీదనుకుంటాండావా?" అంది. గాబ్రియేలు ఆ పూట మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాడు.

ఇక్కడ ఈ సీమ పద్ధతి ఒకటి చెప్పాలి. దెబ్బలాటలో తల పగిలితే ఆసుపత్రిలో ఎవరూ నిజం చెప్పరు. చెబితే పోలీసులకు కబురు పోతుంది, కేసవుతుంది, అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కాలి. అందుకని ఊళ్లోనే పెద్దమనుషులు కూర్చుని ఏం చెప్పాలో ముందే తీర్మానం చేసి పంపుతారు. మెట్ల మీద జారినాడు, ఎద్దు పొడిచింది, బండి మీదనుంచి పడినాడు. దెబ్బ కారణంతోపాటు దెబ్బ వేళను కూడా మార్చేస్తారు. రాత్రంతా ఇంట్లో ఎందుకు పెట్టుకున్నారని అడిగితే మళ్లీ చిక్కు కదా. గాబ్రియేలు ఇలాంటి కథలు వేలు విన్నాడు. నోటిమాట ఒక చెవిన వింటూనే గాయాన్ని చదువుకునేవాడు. శ్రీవిద్య అంగట్లో పెరిగిన పిల్ల. ఫలానా వేళకు అని ఎవరైనా చెబితే రాసుకోవడమే ఆమెకు తెలుసు.

ఆరోజు మంగళవారం. పొద్దున పదిగంటలకు బొజ్జన్న అనే రైతును అతని భార్య రామసుబ్బమ్మ ఆటోలో తీసుకొచ్చింది. తలకు తువ్వాలు చుట్టి ఉంది. మనిషి తనంతట తనే దిగి నడిచి వచ్చాడు.

"ఏమైందప్పా?" అన్నాడు గాబ్రియేలు.

"ఎనిమిది గంటలప్పుడు బండి మీదనుంచి పడినాడన్నా," అంది రామసుబ్బమ్మ, అప్పజెప్పినట్టు.

తువ్వాలు విప్పాడు. చెవి పైన మూడంగుళాల చీలిక. రక్తం ఆగడానికి కాఫీపొడి దట్టించారు. ఇక్కడ అందరూ చేసేదే. కానీ రెండు గంటల కాఫీపొడి తడిగా, మెత్తగా ఉంటుంది. ఇది ఎండి, రాయిలా గట్టిపడి, జుట్టుతో కలిసి పెంకు కట్టింది. గాయం అంచులు అప్పుడే లోపలికి ముడుచుకున్నాయి. అందులో ఒక్క ఇసుక రేణువు లేదు. మోచేతులు గీరుకోలేదు. చొక్కా ఉతికి మడత విప్పినట్టుంది. ఎనిమిదింటికి రోడ్డు మీద పడ్డవాడికి ఇస్త్రీ చొక్కా ఎలా వస్తుంది? నిన్న పొద్దుగూకేటప్పుడు తగిలిన దెబ్బ ఇది, పార కర్రతో కొట్టింది. కళ్లారా చూసినంత స్పష్టంగా గాబ్రియేలుకు తెలిసిపోయింది.

"నీ పేరేమప్పా?"

"బొజ్జన్న."

"ఏ ఊరు?"

చెప్పాడు.

"పొద్దున ఏం తిన్యావు?"

"సంగటి. శనక్కాయ చట్ని," అన్నాడు బొజ్జన్న.

"యాడ తిన్యావు?" అంది భార్య, కంగారుగా. "పొద్దున్నించి నీళ్లు గూడా ముట్టలేదన్నా. అది రాత్రి తిన్యాడు."

మూడో ప్రశ్న దగ్గరే తప్పాడు మనిషి. అప్పుడే శ్రీవిద్య సూదీ సీసా పట్టుకుని వచ్చింది. "అన్నా, టైమెంత చెప్పినారు?"

ఇదిగో, ఇక్కడ ఉంది అసలు విషయం. నోరు తెరిచి 'నిన్నటి దెబ్బ, నీ పరీక్ష దీనికి పనికిరాదు' అంటే సరిపోయేది. పట్టుమని పది మాటలు కూడా అక్కర్లేదు. గాబ్రియేలు నోటిదాకా వచ్చింది కూడా. అంతలో ఓపీ గదిలోంచి డాక్టరు గొంతు వినబడింది. "శ్రీవిద్యా, ఆ తలకాయ కేసు రిపోర్టు తొందరగా చూడమ్మా."

శ్రీవిద్యా అట. ఇరవై ఎనిమిదేళ్లు తలలు చూసినవాడు ఇక్కడే నిలబడి ఉన్నాడు. డాక్టరుకు ఆ పేరు గుర్తే రాలేదు.

"వాళ్లనే అడుగు," అన్నాడు గాబ్రియేలు.

రామసుబ్బమ్మ ఎనిమిది అంది. శ్రీవిద్య ఎనిమిది అని రాసుకుంది. గాబ్రియేలు వేన్నీళ్లతో కాఫీపొడి నానబెట్టి, గీకి, కడిగి, ఏడు కుట్లు వేసి, తెల్లటి కట్టు కట్టాడు. ఆ ఆసుపత్రిలో కట్టు కట్టాకే డాక్టరు చూసేది. కాబట్టి ఆ గాయం వయసు చెప్పగలిగే సాక్ష్యమంతా గాబ్రియేలు బేసినులోంచి కాలవలోకి పోయింది. అది పోతుంటే నిలబడి చూశాడు.

పదకొండింటికి రిపోర్టు వచ్చింది. గీత కన్నా తక్కువ. డాక్టరు కంట్లో టార్చి వేసి చూసి, నడిపించి చూసి, "ఏం భయం లేదు, ఇంటికి పోవచ్చు," అన్నాడు. వాళ్ల ఊరి బస్సు రెండింటికి. మొగుడూ పెళ్లాలు గేటు పక్కన సిమెంటు బల్ల మీద కూర్చున్నారు.

కట్ల గది కిటికీలోంచి ఆ బల్ల కనబడుతుంది. గాబ్రియేలు పనిచేసుకుంటూ మధ్యమధ్యలో చూస్తూనే ఉన్నాడు. మనసులో ఒక బొమ్మ గీసుకున్నాడు. సాయంత్రానికి వాంతులవుతాయి. మళ్లీ తీసుకొస్తారు. అప్పుడు అందరి ముందూ తను ఏమీ ఎరగనట్టు అడుగుతాడు. 'ఏం పాపా, నీ మిషను బాగుండాడని చెప్పింది గదా?' ఆ పిల్ల ముఖం మాడిపోతుంది. డాక్టరు తనవైపు తిరుగుతాడు. ఆ బొమ్మ ఎంత బాగుందంటే, దాని మధ్యలో పడి ఉన్న బొజ్జన్న గాబ్రియేలుకు కనబడలేదు. కనబడినప్పుడల్లా, సాయంత్రానికి వస్తే చాల్లే, అప్పుడైనా కర్నూలుకు పంపొచ్చులే అని సర్దిచెప్పుకున్నాడు. దారిలో ఏమైనా అయితే అన్న ఆలోచన రాకపోలేదు. వచ్చిన ప్రతిసారీ లేచి ఇంకో దూదిబిళ్ల కత్తిరించాడు. ఆరోజు కత్తిరించిన దూది నెలకు సరిపోయింది.

మధ్యాహ్నం క్యారియరు విప్పాడు. మూతపెట్టేశాడు.

రెండు కావస్తుండగా రామసుబ్బమ్మ కట్ల గది గుమ్మంలోకి వచ్చింది. కొంగులో కట్టుకొచ్చిన అలసంద కాయలు బల్ల మీద పోసింది. ఆటో ఎక్కే హడావిడిలో కూడా చేలో కాసినవి తెచ్చిందన్నమాట.

"తీసుకో అన్నా. శానా మెత్తగా కట్టినావు, నొప్పే తెలీలేదంట. బస్సొస్తాంది, పోయొస్తాం."

"ఎట్లుండాడు?" అన్నాడు గాబ్రియేలు.

"బాగుండాడు. నిద్దరొస్తాందంట, అంతే. కూర్చున్న కాడే తూగుతాండాడు."

గాబ్రియేలు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు. బస్సు గేటు ముందు ఆగి ఉంది. బొజ్జన్న బల్ల మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, "అప్పా, నీ పేరేంది? నీ పేరు చెప్పు!" అని అరిచాడు. బొజ్జన్న కళ్లు తెరిచి ఆయన్ని చూశాడు. పెదవులు కదిలాయి. భార్యవైపు చూశాడు, ఆమె అందిస్తుందేమో అన్నట్టు. ఇరవై ఎనిమిదేళ్లలో ఆ మొదటి ప్రశ్న దగ్గర ఆగిపోయినవాళ్లను గాబ్రియేలు వేళ్ల మీద లెక్కపెట్టగలడు. వాళ్లలో ఎంతమంది బతికారో కూడా తెలుసు.

"స్ట్రెచరు తేండి!" అన్న ఆ కేక ఓపీ దాకా వినబడింది.

డాక్టరు పరుగున వచ్చాడు. "ఇది నిన్నటి దెబ్బ సార్, పొద్దుటిది కాదు," అన్నాడు గాబ్రియేలు. రామసుబ్బమ్మ డాక్టరు కాళ్ల మీద పడి, చేనికి నీళ్లు పెట్టే వంతు కాడ మరిది కొట్టినాడనీ, ఊళ్లో అట్ల చెప్పమన్యారనీ ఏడ్చింది. "టైము అబద్ధం చెప్తే మనిషి సచ్చిపోతాడమ్మా!" అని గాబ్రియేలు ఆమె మీద కేకలేశాడు. ఆ కేకలు ఎవరి మీద వేస్తున్నాడో ఆయనకు తెలుసు.

కడపలో స్కాను తీశారు. పుర్రె లోపల నెమ్మదిగా ఊరిన రక్తం. అటునుంచి అటే కర్నూలుకు తీసుకుపోయి కోశారు. బొజ్జన్న బతికాడు. కుడిచేయి మాత్రం సరిగ్గా స్వాధీనంలోకి రాలేదు. ముద్ద కలుపుకోవడానికి ఎడమచేయి అలవాటు చేసుకోవాలన్నారు.

తరువాతి వారం బెంగళూరు వాళ్లు వచ్చారు. గాబ్రియేలు బస్సు ఎక్కబోతున్నవాడిని ఆపి ప్రాణం నిలబెట్టిన కథ డాక్టరు అందరి ముందూ చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఇకనుంచి ఫారంలో కొత్త గడి పెట్టాలని తీర్మానించారు: గాయం వయసు, డ్రెస్సరు అంచనా. జనం చెప్పిన వేళ కాదు, గాబ్రియేలు చెప్పిన వేళే ఆధారం. ఆయన చెప్పనిదే రక్తం తీయకూడదు. ఏ కప్పు కోసం కుళ్లుకున్నాడో ఆ కప్పులోనే ఆరోజు టీ ఇచ్చారు. తాగాడు.

సాయంత్రం శ్రీవిద్య ఆయన్ని ల్యాబులోకి పిలిచి, తన కుర్చీ చూపించి కూర్చోమంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. వారం రోజులుగా ఏడుస్తోందని ఆయాలు అనుకుంటుంటే గాబ్రియేలు విన్నాడు. ఇది చూడాలనే కదా తను కోరుకున్నది.

"నాదే తప్పన్నా. వాళ్లు ఎనిమిదంటే ఎనిమిదని రాసేసినా. మనిషిని సూడనే లేదు, గడియారం సూసినా. నాయన ఇంటికొచ్చేయమంటాండాడు. నాకు ఈ పని రాదేమో." కళ్లు తుడుచుకుని ఫారం దగ్గరికి లాక్కుంది. "ఈ కేసు మొత్తం రాసి పంపాల. ఒక గడి మిగిలింది. నీకు అనుమానం ఎప్పుడొచ్చింది? రెండు గంటలకు, బస్సు కాడ. అంతే గదా అన్నా?"

కలం ఆ గడి మీద ఆనించి ఉంది. రెండు అంకె వేయడానికి సిద్ధంగా ఉంది. ఊ అంటే చాలు. ఆసుపత్రి అంతా అదే అనుకుంటోంది, బెంగళూరు కూడా అదే అనుకుంటోంది. ఎడమచేత్తో ముద్ద కలుపుకునే మనిషి గుర్తొచ్చాడు. ఈ పిల్ల ఆ చేయి తన తప్పేనని నమ్మి మైదుకూరు అంగట్లో కూర్చుని జీవితమంతా ఏడుస్తుంది.

"పదింపావు," అన్నాడు.

"మధ్యాన్నం రెండు గదా..."

"పొద్దున. పదింపావు. కాఫీపొడి చూసినప్పుడే తెలుసు. నువ్వు టైమెంత అని అడిగినప్పుడు నాకు తెలుసు."

ఆమెకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ఏమీ అడగలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే బాగుండునని గాబ్రియేలుకు అనిపించింది. అడిగితే కడుపుమంట అని చెప్పేసేవాడు. ఆమె 10.15 అని రాసి, కాగితం మడిచి కవరులో పెట్టింది.

ఆ కాగితం చదివి ఎవరూ గాబ్రియేలును ఏమీ అనలేదు. చదివారో లేదో కూడా తెలియదు. శ్రీవిద్య మైదుకూరు పోలేదు. పది రోజుల తరువాత ఇంకొకడు తల పగిలి వచ్చాడు. ఓపీ గదిలోంచి డాక్టరు గొంతు వరండా అంతా వినబడింది. "గాబ్రియేలు ఏమన్నాడు?"

గాబ్రియేలు గాయం మీద వంగి ఉన్నాడు. ఈసారి ఆ మాటకు లేచి నడవాలనిపించలేదు. సూదీ సీసా పట్టుకుని శ్రీవిద్య వచ్చి రెండడుగుల దూరంలో నిలబడింది.

"టైమెంత రాయమంటారు, గాబ్రియేలు గారూ?" అంది.